తుమ్మని ముక్కు

మా అమర్‌నాథ్ గారు మనుషుల్ని కళ్ళతో కాదు, ముక్కుతో చూస్తారు. చూసి ఊరుకుంటే ఆయన గురించి రాయాల్సిన ఖర్మ నాకు పట్టేది కాదు. ముక్కుకి తగిలిన ప్రతిదాన్నీ రసాయనం పేరుతో సహా, నలుగురిలో, మైకు అక్కర్లేని గొంతుతో ప్రకటిస్తారు.

మీరు తలుపు తీసి "రండి, రండి" అంటారు. ఆయన రారు. గుమ్మంలోనే నిలబడి, కళ్ళు మూసుకుని, గాలి గట్టిగా లోపలికి లాగి "సిట్రాల్!" అంటారు. పొద్దున మీరు ఫ్లోర్ తుడిచిన నిమ్మగడ్డి లిక్విడ్ గురించి ఆయన మాట్లాడుతున్నారని మీకు అర్థమయ్యేలోపే చెప్పులు విప్పి హాల్లోకి వచ్చేస్తారు. "యూజినాల్! ఇంట్లో ఎవరికో పంటినొప్పి" అంటారు. సోఫాలో ఓ మూల, లవంగ నూనెలో ముంచిన దూది పంటి చిగురుకి పెట్టుకుని ఎవరికీ చెప్పకుండా బాధపడుతున్న మీ మామగారు ఉలిక్కిపడి లేచి కూర్చుంటారు. ఇక ఆ పూటకి మీ ఇంట్లో రహస్యమంటూ ఏమీ మిగలదు.

అమెరికాలో మేముండే ఈ ఆష్‌బర్న్ ఊళ్ళో పిల్లలు ఆయన్ని చాటుగా 'బీగిల్ అంకుల్' అంటారు. డల్లెస్ ఎయిర్‌పోర్టులో మన సూట్‌కేసుల చుట్టూ తిరిగి, ఆవకాయ ఏ పెట్టెలో ఉందో పట్టిచ్చే కుక్కల జాతి అది. పెద్దవాళ్ళని అలా అనకూడదని నేను పిల్లల్ని మందలించాను. మందలిస్తూ నవ్వడం వల్ల ఫలితం లేకపోయింది.

నిజానికి ఆయన ఉద్యోగమే అది. మా వీధిలో మేమంతా డేటా సెంటర్లని నమ్ముకుని బతుకుతున్న సాఫ్ట్‌వేర్ జనం. ఆయనొక్కరే కెమిస్ట్రీలో డాక్టరేటు తెచ్చుకున్న మనిషి. ఔషధ మొక్కల్ని ఆవిరి మీద మరిగించి తీసే సుగంధ తైలాలని పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తారు. వాము, తులసి, లవంగం, నీలగిరి... ఏ చుక్కలో ఏముంది, అది ఏ సూక్ష్మజీవిని చంపుతుంది, ఎంత వేస్తే చంపుతుంది అన్నది తేల్చడం ఆయన పని. ఆ పని సాయంత్రం ఐదింటికి ల్యాబ్‌లోనే వదిలేసి వస్తే మాకే గొడవా ఉండేది కాదు. ముక్కుని ఆఫీసులో వదిలేసి రావడం కుదరదు కదా.

ఇంటికొచ్చాక గరాజ్‌లో ఇంకో ల్యాబ్ నడుపుతారు. అందరి గరాజ్‌ల్లో కార్లుంటే ఈయన గరాజ్‌లో గాజు పళ్ళేలుంటాయి. వాటిలో జెల్లీ పోసి, దాని మీద సూక్ష్మజీవుల్ని పెంచి, మధ్యలో నూనె చుక్క వేసిన చిన్న కాగితం బిళ్ళ పెడతారు. నూనెలో సత్తా ఉంటే మర్నాటికి బిళ్ళ చుట్టూ సూక్ష్మజీవులన్నీ చచ్చి గుండ్రంగా ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీ వలయాల ఫొటోలు ఫోన్‌లో పెట్టుకుని తిరుగుతారు. మనం మనవడి ఫొటో చూపిస్తే ఆయన వెంటనే ఫోన్ తీసి, "ఇదిగో, మా వాము వలయం చూడు. ఎంత ముద్దొస్తోందో!" అంటారు.

"ఇళ్ళ మధ్య బాక్టీరియా పెంచడమేమిటండీ?" అని నేనోసారి గట్టిగానే అడిగాను.

"భయపడకమ్మా నీహారికా. పెరుగులో ఉండేవే. మా ఆవిడ తోడు పెట్టేవీ ఇవే."

వాళ్ళావిడ జ్ఞానప్రసూన గారు దేవత. "మా ఇంట్లో రెండు ఫ్రిజ్‌లున్నాయమ్మా. ఎర్ర స్టిక్కరున్న దాంట్లోంచి ఏదీ తినకు" అని చెప్పి, నాకు రెండో ఫ్రిజ్‌లోంచి దోసెపిండి తీసిచ్చారు. ఆ పిండితో వేసిన దోసెలు నేను తినలేకపోయాను. మా ఆయనకి పెట్టాను.

ఆయన మీద నాకు ఇంత కడుపుమంట ఎందుకంటారా? మా తులసికోట వల్ల. పచ్చగా, గుబురుగా పెరిగిన మొక్కని తోటల షాపులో కొని, ఇంటి వెనక డెక్ మీద పెట్టుకుని, చలికాలం ఇంట్లోకి మార్చుకుంటూ, రోజూ దీపం పెట్టేదాన్ని. వీడియో కాల్‌లో మా అమ్మకి చూపిస్తే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఓ ఆదివారం ఈ మహానుభావుడు గిన్నె తిరిగివ్వడానికి వచ్చి, డెక్ మీదకి వెళ్ళి ఓ ఆకు తుంచారు.

"ఎన్నాళ్ళుగా చేస్తున్నావమ్మా పూజ?"

"రెండేళ్ళుగా."

"దేనికి?"

"దేనికేమిటండీ? తులసికి!"

ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "ఎస్ట్రగోల్! సోంపు వాసన రావడం లేదూ? ఇది తులసి కాదు, థాయ్ బేసిల్. నూడుల్స్‌లోకి చాలా బాగుంటుంది."

రెండేళ్ళు నేను నూడుల్స్ ఆకుకి ప్రదక్షిణలు చేశానన్న సంగతి అలా బయటపడింది. మా ఆయన ఆ రోజు నవ్విన నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆ ముక్కు మీద ఆయనకి గర్వం కూడా తక్కువేం కాదు. ఓసారి చలికాలంలో, కిటికీలన్నీ బిగించి ఉండగా, మా వీధిలోనే ఉండే మోహన్ వాళ్ళింట్లో కందిపొడికి ఎండుమిరపకాయలు వేయిస్తూ మాడబెట్టారు. పొగ అలారం మోగింది. భోజనానికని వెళ్ళిన వాళ్ళందరం తుమ్ముతూ, దగ్గుతూ, చెప్పుల్లేకుండా మంచులోకి పరిగెత్తాం. లెక్క చూసుకుంటే ఒక మనిషి తక్కువ. కిటికీలోంచి చూస్తే అమర్‌నాథ్ గారు స్టవ్ దగ్గర మూకుడు మీదకి వంగి హాయిగా ఊపిరి పీలుస్తున్నారు. తర్వాత బయటికొచ్చి, "నా ముక్కు తుమ్మదమ్మా. ముప్పై ఏళ్ళ నుంచీ తుమ్మలేదు. అది నా పనిముట్టు. పనిముట్టు తుమ్మితే ఉద్యోగం పోతుంది" అన్నారు. అబద్ధమేమోనని జ్ఞానప్రసూన గారి వైపు చూశాను. "పెళ్ళయినప్పటి నుంచీ నేనూ వినలేదు" అన్నారావిడ.

ఇలాంటి మనిషిని ఎవరైనా సుగంధ తైలాలు అమ్మే పార్టీకి పిలుస్తారా? మా వీధి చివరింటి నమ్రత పిలిచింది. పాపం, ఆ పిల్ల నాలుగేళ్ళప్పుడే అమెరికా వచ్చేసి న్యూజెర్సీలో పెరిగింది. తెలుగు బాగానే మాట్లాడుతుంది కానీ మాటలన్నీ మెత్తగా, కొసలు అరిగిపోయి వినిపిస్తాయి. ఓ కంపెనీ సీసాలు తెచ్చి ఇంట్లోనే అమ్మడం మొదలుపెట్టింది. హాల్లో అందరం చేరాక, చేతిలో చిన్న సీసాతో నిలబడింది.

"ఈ బ్లెండ్ బాక్టీరియాని కిల్ చేస్తుంది. స్టడీస్ ఉన్నాయి."

"ఉన్నాయి తల్లీ. అందులో రెండు నేను చేసినవే" అన్నారు వెనకనుంచి అమర్‌నాథ్ గారు. "వాము నూనె చంపుతుంది. లవంగ నూనె కూడా చంపుతుంది. వాములో ఉండే థైమాల్ బాక్టీరియా గోడకి కన్నం వేస్తుంది. లోపలి సరుకంతా కారిపోతుంది. చస్తుంది."

నమ్రత మొహం వెలిగిపోయింది. "సీ? సైంటిస్ట్ అంకుల్ కూడా చెప్తున్నారు!"

"కానీ ఎక్కడ చస్తుంది?"

"అంటే?"

"గాజు పళ్ళెంలో చస్తుంది. అందులో బ్లీచ్ పోసినా చస్తుంది. బ్లీచ్ తాగుతావా?"

"నో! ఎందుకు తాగుతాను?"

"మరి ఈ చుక్కలు నీళ్ళలో వేసుకుని తాగమని రాశారే సీసా మీద? మన ఒంట్లో కణాలకీ గోడలున్నాయమ్మా. థైమాల్‌కి మొహమాటం లేదు. దానికి ఎవరి గోడైనా ఒకటే."

అంతటితో ఆగినా బాగుండేది. 'ప్యూర్ లావెండర్' సీసా మూత తీసి ఒక్క పీల్పు పీల్చి, "ఇది తోట మొహం చూడలేదు, ఫ్యాక్టరీలో పుట్టింది" అని తేల్చేశారు. చేతుల్లో ఉన్న సీసాలు ఒక్కొక్కటే చప్పుడు లేకుండా బల్ల మీదకి వెళ్ళిపోయాయి. నేనూ నాది పెట్టేశాను. నిజం చెప్పాడు సరే, ఆ పిల్ల హాల్లో నిలబడి, ఆ పిల్ల పకోడీలు తింటూ చెప్పాలా? ఇంగితం అనేది ఏ మొక్క నుంచీ తీయడం కుదరదు కాబట్టి ఆయన గరాజ్‌లో అదొక్కటీ దొరకదు.

"అక్కా, ఆ అంకుల్ మళ్ళీ మా ఇంట్లోకి వస్తే నేను ఇల్లు సెల్ చేసి వెళ్ళిపోతాను" అంది నమ్రత, ఖాళీ ప్లేట్లు ఏరుతూ.

ఆ తర్వాత శ్రావణమాసం వచ్చింది. దాంతోపాటు అమలాపురం నుంచి నమ్రత అత్తగారు బాలమణి గారు ఆరు నెలలు ఉండడానికి వచ్చారు. ఆవిడ గయ్యాళి అని ఎవరైనా అంటే నేనొప్పుకోను. కోడల్ని పల్లెత్తు మాట అనరు. "పోన్లే" అంటారు, అంతే. కాఫీ ఇస్తే, "పోన్లే, వేడిగా ఉంది." చీర కట్టుకొస్తే, "పోన్లే, కట్టుకున్నావు." ఈ కాలంలో గాల్లో పుప్పొడికి కొడుకు రవికుమార్ పూటకి పదిసార్లు తుమ్ముతాడు. తుమ్మినప్పుడల్లా "చిరంజీవ" అని దీవిస్తారు. ఆ దీవెనలన్నీ కొడుక్కి, పోన్లేలన్నీ కోడలికి.

"ఒక్కసారి 'బాగుంది' అనిపించుకోవాలి అక్కా. పోన్లే లేకుండా, జస్ట్ బాగుంది" అంది నమ్రత నాతో. వరలక్ష్మీ వ్రతానికి చక్కెర పొంగలి తనే వండుతానని, వంటింట్లోకి ఎవరూ రావద్దని అత్తగారికి చెప్పేసింది. వారం ముందు నుంచీ ఆఫీసు మీటింగుల మధ్య చక్కెర పొంగలి వీడియోలు చూస్తూ కూర్చుంది. ఆవిడ మెచ్చుకుంటారా లేదా అన్న బెంగతో ఆ పిల్ల సగమైపోయింది.

శుక్రవారం సాయంత్రం ఆఫీసులు ముగించుకుని పేరంటానికి వెళ్ళాం. మా పేరంటాలకి మగవాళ్ళు డ్రైవర్ల హోదాలో వచ్చి, చెప్పుల స్టాండ్ పక్కన కుర్చీల్లో కూర్చుంటారు. జ్ఞానప్రసూన గారు చీకటి పడితే కారు నడపరు కాబట్టి అమర్‌నాథ్ గారు కూడా వచ్చారు. గుమ్మంలో ఆయన్ని చూసి నమ్రత పళ్ళు నూరింది. రవికుమార్ "పెద్దాయన, పిలవకపోతే ఏం బాగుంటుంది?" అని నీళ్ళు నమిలాడు. పూజగదిలో అగరొత్తులు, సాంబ్రాణి, హారతి కర్పూరం, ఇవి చాలవన్నట్టు హాల్లో నూనెల ఆవిరి చిమ్మే నమ్రత డిఫ్యూజర్. మాకెవరికీ ఏ వాసనా విడిగా తెలియడం లేదు.

నైవేద్యం వేళయింది. నమ్రత పెద్ద గిన్నె రెండు చేతులతో పట్టుకొచ్చి హాల్లో ఉంచిన కలశం ముందు పెట్టింది. పిల్లలు అప్పుడే పేపర్ ప్లేట్లతో ముందుకి తోసుకొస్తున్నారు. నైవేద్యం ముందుగా ఎవరూ రుచి చూడకూడదు కదా, నమ్రత కూడా చూడలేదు. అత్తగారి మొహంలోకి చూస్తూ మూత తీసింది. నేతి ఆవిరి గుప్పుమంది.

చెప్పుల స్టాండ్ దగ్గర అమర్‌నాథ్ గారి తల ఒక్కసారి పైకి లేచింది. కుర్చీలోంచి లేచి, ఆడవాళ్ళ మధ్య నుంచి దారి చేసుకుంటూ తిన్నగా వచ్చి గిన్నె మీదకి వంగారు.

"అయ్యయ్యో! నైవేద్యం వాసన చూడకూడదు బాబూ!" అన్నారు బాలమణి గారు.

ఆయన అప్పటికే చూసేశారు. అందరం ఆ వచ్చే రసాయనం పేరు కోసం కాసుక్కూర్చున్నాం. ఆయన పిల్లల ప్లేట్ల వైపు చూశారు. నమ్రత వైపు చూశారు. ఆ పిల్ల మొహం పాలిపోయి ఉంది.

"ఏమిటి బాబూ, ఏమైనా తేడాగా ఉందా?" అన్నారు బాలమణి గారు, కోడలి వైపు ఓరగా చూస్తూ.

అమర్‌నాథ్ గారు నోరు తెరిచారు. "క..." అన్నారు. ఆగారు. మళ్ళీ "క... క..." అన్నారు. కళ్ళు మూసుకున్నారు. తల వెనక్కి వాల్చారు.

"హాఛ్!"

సరిగ్గా గిన్నెలోకి తుమ్మారు. హారతి పళ్ళెంలో దీపం కూడా అల్లల్లాడింది. పెళ్ళయినప్పటి నుంచీ ఆ శబ్దం వినని జ్ఞానప్రసూన గారు నోరు తెరుచుకుని భర్త వంక చూస్తుండిపోయారు.

"రామ రామ! నైవేద్యంలో తుమ్ముతారుటయ్యా! పైగా ఒంటి తుమ్మొకటి, అపశకునం!" అన్నారు బాలమణి గారు, బుగ్గలు నొక్కుకుంటూ.

"సారీ అండీ" అని ఆయన వెంటనే మళ్ళీ వంగి, "హాఛ్!" అని రెండోది కూడా అందులోనే తుమ్మారు. ఒంటి తుమ్ము కాస్తా జంట తుమ్మయింది. పొంగలి మాత్రం ఎందుకూ పనికిరాకుండా పోయింది.

ఇక చూడండి. తుమ్మితే చిరంజీవ అనే జనం మేము, ఒక్కరం ఆ మాట అనలేదు. అనాల్సినవన్నీ అన్నాం. "సూక్ష్మజీవుల మీద డాక్టరేటుట!" అన్నారొకరు. "మాస్కుల రోజులన్నీ గడిచొచ్చి కూడా చెయ్యి అడ్డం పెట్టుకోవడం తెలీదా?" అని నేనన్నాను. చాలా తృప్తిగా అన్నాను, మా థాయ్ బేసిల్ పగ కూడా అందులో కలిపి. ఆయన మాత్రం గిన్నెలో చెంచా పెట్టబోతున్న ఓ పిల్ల చేతిలోంచి చెంచా లాక్కుని, గిన్నె చంకన పెట్టుకుని, బయట చెత్త డబ్బా దగ్గరికి వెళ్ళి మొత్తం గీకి పారేసి, సంచీ మూతి రెండు ముళ్ళు వేసి వచ్చారు.

"వచ్చే శుక్రవారం మళ్ళీ చేద్దాం లేవే" అన్నారు బాలమణి గారు, కళ్ళనీళ్ళు తిరుగుతున్న కోడలితో. "నీ తప్పేముంది? చక్కగా వండుకున్నావు, వాడెవడో వచ్చి పాడు చేశాడు." అంతమంది ముందు ఆవిడ కోడల్ని వెనకేసుకొచ్చింది అదే మొదటిసారి.

లక్ష్మీదేవికి అరటిపళ్ళే నైవేద్యం పెట్టి, తాంబూలాలయ్యాక నేను వంటింట్లో సాయానికి వెళ్ళాను. పొంగలి కలిపిన గరిటె సింకులో ఉంది. కడుగుదామని తీస్తే మా అమ్మమ్మ పట్టుచీరల పెట్టె వాసన కొట్టింది. స్టవ్ పక్కన ఓ ఆకుపచ్చ డబ్బా, మూత తీసి, సగం ఖాళీగా ఉంది. హారతి కర్పూరం బిళ్ళలు. డబ్బా మీద ఇంగ్లీషులో 'పూజకి మాత్రమే, తినకూడదు' అని ఉంది.

"నమ్రతా, ఇది పొంగల్లో వేశావా?"

"యా, అత్తయ్య వేయమన్నారు. పచ్చకర్పూరం."

"పచ్చకర్పూరమే. మరి ఇదేమిటి?"

"పచ్చ అంటే గ్రీన్ కదా అక్కా? షాపులో వైట్ బాక్సులు, రెడ్ బాక్సులు కూడా ఉన్నాయి. నేను వెతికి గ్రీన్ బాక్స్ తెచ్చాను." నా మొహం చూసి ఆగిపోయింది. "కాదా?"

వంటల్లో చిటికెడు వేసే పచ్చకర్పూరం వేరే సరుకని, అది తెల్లగానే ఉంటుందని చెప్పాను. "తెల్లగా ఉంటే పచ్చ అని ఎందుకంటారు?" అని అడిగింది. పుట్టి బుద్ధెరిగి ఆ సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు.

"ఎన్ని బిళ్ళలు వేశావు?"

"గుప్పెడు. పెద్ద గిన్నె కదా అని, క్రష్ చేసి." ఆ మాట అన్నాక రెండు చేతులతో నోరు మూసుకుంది. "అక్కా... కిడ్స్ తిని ఉంటే?" కాసేపటికి చేతులు తీసి, "అంకుల్‌కి తెలిసిపోయింది కదా? ఆయన చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు?" అంది.

ఇంతలో హాల్లోంచి బాలమణి గారి అడుగుల చప్పుడు వినిపించింది. నేను ఆ డబ్బా తీసి నా హ్యాండ్‌బ్యాగ్‌లో కుక్కేశాను.

మర్నాడు పొద్దున్నే అమర్‌నాథ్ గారి గరాజ్‌కి వెళ్ళాను. ఆయన ఓ గాజు పళ్ళేన్ని వెలుతురుకి పట్టి చూసుకుంటున్నారు.

"నిన్న మీరు నిజంగా తుమ్మారా?"

"అందరూ చూశారు కదమ్మా. పుప్పొడి ఎక్కువగా ఉంది."

"మిరపకాయల పొగకి తుమ్మని ముక్కు పుప్పొడికి తుమ్మిందా?"

"వయసు మీద పడుతోంది. ఈమధ్య నా ముక్కు అసలు పనిచేయడమే లేదు."

నేను హ్యాండ్‌బ్యాగ్ జిప్ లాగాను. ఆయన నిగ్రహించుకోవాలని చూశారు. మొహం పక్కకి తిప్పుకున్నారు. ముక్కుపుటాలు మాత్రం ఆయన మాట వినలేదు.

"క్యాంఫర్!" అనేశారు. "టర్పెంటైన్ నుంచి చేసింది." అని నాలిక్కరుచుకున్నారు.

"దొరికారు. నిన్న ఆ 'క' దగ్గరే ఆగిపోయారు కదూ?"

పళ్ళెం కింద పెట్టి స్టూలు మీద కూర్చున్నారు. "పచ్చదైనా హారతిదైనా కర్పూరం కర్పూరమేనమ్మా, చిటికెడు దాటితే మందు కాదు, విషం. అదీ శుద్ధి చేసింది కాకపోతే మరీను. గుప్పెడు వేసిందేమో, ఆవిరికి నా కళ్ళే మండాయి. చిన్నపిల్లలు తింటే మూర్ఛలొస్తాయి. గిన్నె అక్కడి నుంచి కదలాలి, ఎవరూ ఒక్క మెతుకు నోట్లో పెట్టుకోకూడదు. ఇంకేం తోచలేదు."

"పేరు చెప్తే సరిపోయేదిగా? ప్రపంచంలో అన్నింటి పేర్లూ చెప్తారు కదా మీరు!"

"చెప్దామనే నోరు తెరిచాను" అన్నారు. "ఆ పెద్దావిడ కోడలి వంక చూసిన చూపు చూశావా? అప్పుడు నేను కర్పూరం అంటే, అది కర్పూరం గురించి చెప్పినట్టు ఉండదు. ఆ పిల్ల గురించి చెప్పినట్టు ఉంటుంది. అసలే మొన్న సీసాల దగ్గర..." అని ఆగి, గడ్డం గోక్కున్నారు. "సీసాల గురించి చెప్పింది కరెక్టే అనుకో. తోట మొహం చూడలేదు."

ఆ చివరి ముక్క లేకపోతే నేను ఆయన కాళ్ళకి దండం పెట్టేసేదాన్నేమో. ఆయనే ఆ అవసరం లేకుండా చేశారు. అయినా ఊరంతా తిడుతుంటే నోరు మెదపకుండా నిలబడ్డాడే మనిషి, ఆ తిట్లలో సగం నావే కదా అనిపించింది. ఆయన లేచి వెళ్ళి, ఎర్ర స్టిక్కరు లేని ఫ్రిజ్‌లోంచి చిన్న పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టారు. "అసలు పచ్చకర్పూరం. ఆ పిల్లకివ్వు. తూచి కట్టాను. చిటికెడు అంటే వాళ్ళ తరానికి ఎంతో తెలీదు."

తరువాతి శుక్రవారం మళ్ళీ వ్రతం. మళ్ళీ అదే జనం, అదే గిన్నె. ఈసారి బాలమణి గారు గిన్నెకి అడ్డంగా నిలబడి, "ఆయన్ని చెప్పుల దగ్గరే ఉండమనండి. నైవేద్యం అయ్యేదాకా లేవనిచ్చేది లేదు" అని హుకుం జారీ చేశారు. అమర్‌నాథ్ గారు బుద్ధిగా చెప్పుల దగ్గరే కూర్చున్నారు. పిల్లలు ఆయనకో మాస్కు కూడా ఇచ్చారు. పెట్టుకున్నారు.

నైవేద్యమయ్యాక బాలమణి గారు ఓ చెంచాడు నోట్లో వేసుకున్నారు. ఆవిడ చప్పరించి, కళ్ళు మూసుకుని, తెరిచి, "బాగుంది" అన్నారు. పోన్లే వస్తుందేమోనని కాసేపు ఆగి చూశాం. రాలేదు.

నమ్రత మొదటి గిన్నె నింపి, అందరూ చూస్తుండగా చెప్పుల స్టాండ్ దగ్గరికి పట్టుకెళ్ళింది.

"అంకుల్, మాస్క్ తీయండి. స్మెల్ చేసి, ఇందులో ఏముందో చెప్పండి. గట్టిగా చెప్పండి, పర్వాలేదు."

ఆయన మాస్కు కిందికి లాగి గిన్నె ముక్కు దగ్గర పెట్టుకున్నారు. నెయ్యి, ఏలకులు, పచ్చకర్పూరం, ఆ మూడింట్లో ఎన్నెన్ని పేర్లున్నాయో ఆయనకి తెలుసు. ముప్పై ఏళ్ళుగా ఆ పేర్లు చెప్పకుండా ఒక్క పూట గడపలేదు. కళ్ళు మూసుకుని అన్నింటినీ ఒక్కొక్కటే లోపలే లెక్కపెట్టుకున్నట్టున్నారు.

"ఏమో తల్లీ" అన్నారు చివరికి. "ఆ తుమ్ము తుమ్మినప్పటి నుంచీ ముక్కు పనిచేయడం లేదు. తినడానికి మాత్రం బ్రహ్మాండంగా ఉంది."

నమ్రత ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, వంగి ఆయన కాళ్ళకి దండం పెట్టి, అత్తగారి దగ్గర నేర్చుకున్న మాటే చక్కగా, స్పష్టంగా అంది.

"చిరంజీవ, అంకుల్!"

హాలంతా గొల్లుమంది. "పెద్దవాళ్ళని అలా దీవించకూడదే పిచ్చిమొహమా!" అన్నారు బాలమణి గారు. గిన్నె ఖాళీ చేస్తున్న అమర్‌నాథ్ గారి వైపోసారి చూసి, ఇంకో గరిటెడు పొంగలి ఆయన గిన్నెలో వేయించి, "పోన్లే" అన్నారు.